«నివాణ సంపతి సంపాదకే»: నిర్వాణం సంపాదనా?

ప్రశ్న: నాగార్జునకొండ మహాచైత్యం (పెద్ద బౌద్ధ స్తూపం) ఆయక స్తంభాల మీద, అంటే స్తూపం అంచు వేదికల మీద నిలిపిన స్తంభాల మీద, రాజకుటుంబపు స్త్రీ చాంతిసిరి వేయించిన ప్రాకృత శాసనాలు చదువుతున్నాను. ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరం నాటివి. వాటిలో «అతనో చ నివాణ సంపతి సంపాదకే» అని వస్తోంది. తనకు నిర్వాణ సంపద సమకూరడానికట! అన్నీ వదులుకుంటేనే కదండీ నిర్వాణం? మళ్లీ అందులో సంపద, సంపాదన ఏమిటి?

జవాబు: మన సంపాదన జీతం రాళ్ల దగ్గర ఆగిపోయింది కాబట్టి అలా తోస్తుంది. పాళీలో సంపాదేతి అంటే నెరవేర్చుకోవడం. మహాపరినిబ్బాన సుత్తంలో బుద్ధుడి ఆఖరి మాట కూడా «అప్పమాదేన సంపాదేథ»: ఏమరకుండా సాధించండి. ఏం సాధించాలో చెప్పలేదు, చూశారా? 45 ఏళ్లు చెప్పింది అదేగా!

ఇక సంపతి. ఖుద్దకపాఠం అనే చిన్న పాళీ బౌద్ధ గ్రంథంలో నిధికండ సుత్తం ఉంది. ఒకడు నీరు పడేంత లోతున గొయ్యి తీసి ధనం పాతిపెడతాడు. రాజు పట్టుకున్నా, దొంగలు పీడించినా, అప్పు తీర్చాల్సి వచ్చినా, కరువొచ్చినా అక్కరకొస్తుందని. తీరా అవసరానికి అది ఉన్నచోట ఉండదు, లేదా వీడికే గుర్తు తప్పుతుంది. నాగులు జరిపేస్తారు, యక్షులు పట్టుకుపోతారు, గిట్టని వారసులు వీడి కన్నుగప్పి తవ్వుకుంటారు. దానం, శీలం, సంయమం, దమంతో దాచుకున్నది మాత్రం «అచోరాహరణో నిధి», దొంగలెత్తుకుపోలేనిది. మనిషి సంపత్తి, దేవలోక సుఖం, «నిబ్బానసంపత్తి» అన్నీ దాంతోనే దొరుకుతాయంటుందా సుత్తం. చాంతిసిరి మాట బౌద్ధుల వాడుకలోదే.

ఇంకొకరు: వాడుక మాటే అని తేల్చేయకండి మాస్టారూ. అదే శాసనంలో ఆమె తోబుట్టువు, వీరపురుషదత్తుడి తండ్రి అయిన చాంతమూల మహారాజు పొగడ్త చదవండి. అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసినవాడు. కోట్ల బంగారం, లక్ష గోవులు, లక్ష నాగళ్లు దానమిచ్చినవాడు. ఆ లెక్కంతా చెక్కించిన రాతి మీదే తనకోసం కోరుకున్నది ఇదొక్కటి. సంపదంటే ఏమిటో ఆ ఇంటి ఆడపడుచుకి ఒకరు చెప్పాలా?

ప్రశ్న అడిగినవారు: అయితే పుణ్యమంతా తనకేనా?

జవాబు: కాదండీ, వరస చూడండి. ముందు పుట్టింట, మెట్టింట గతించినవాళ్లు, రాబోయేవాళ్లు, ఉన్నవాళ్లు. «పరిణమేతూనం», అంటే పుణ్యాన్ని వాళ్లవైపు మళ్లించి, ఉభయలోకాల్లో హితసుఖాలు కోరింది. ఆ తర్వాత తనకు నిర్వాణం. చివర «సవలోక» హితసుఖాలు, అంటే లోకమంతటికీ. నాకు ఇక్కడ ఆసక్తి కలిగించేది ఆ తేడా: అయినవాళ్లకీ లోకానికీ సుఖం అడిగింది, నిర్వాణం మాత్రం «అతనో» అని తనకే అడిగింది. స్వార్థమని నేననుకోను. సుఖం పంచిపెట్టవచ్చు. నిర్వాణం ఒకరు సాధించి ఇంకొకరి చేతిలో పెట్టేది కాదన్నది తొలి బౌద్ధం మాట, ఆమెకది బాగా తెలిసే ఉంటుంది.