కులమంటే పనా, పుట్టుకా?

పాలమూరు పంతులు: హిందీలో కులాన్ని 'జాతి' అంటారు కదా, మొన్న మావోడు అడిగాడు, మరి మనం గాంధీని జాతిపిత అంటాం, ఆయన ఏ కులానికి పిత అని. నవ్వొచ్చింది. నా లెక్కన కులమంటే మొదట్లో పనే, కులవృత్తి అన్న మాటే సాక్ష్యం. ఏమంటారు?

చౌటుప్పల్ చేనేత: ఆ మాటే మీకు అడ్డం వస్తుంది సార్. కులవృత్తి అంటే కులానికి ఉన్న వృత్తి, అంటే కులం ముందే ఉంది. సంస్కృతంలో కులమంటే వంశం, ఇల్లు. గురుకులం అంటే గురువు ఇల్లే కదా. మా చిన్నాయన మగ్గం దించి ఇరవై ఏళ్లు దాటింది, కొన్నాళ్లు భీవండిలో ఉండి వచ్చి ఇప్పుడు ఒక కంపెనీలో వాచ్‌మన్. ఊర్లో మాత్రం ఇప్పటికీ పద్మశాలే. వాచ్‌మన్ కులం అని ఎవరూ అనలేదు మరి!

దేవరకొండ ఆడబిడ్డ: మీరిద్దరూ నిఘంటువు వదలరా? మా దగ్గర కులమంటే మనుషులు. 'రేపు కులం కూసుంటది', 'కులానికి తప్పు కట్టిండు', 'కులంల కలుపుకున్నరు' అనే మాటలు విన్నారా ఎప్పుడైనా? మా అక్క వేరే కులం అతన్ని చేసుకుంటే మా ఇంటికి రాకపోకలు బంద్ పెట్టారు. నాయనమ్మ చనిపోతే, నాయన తప్పు, అదే జరిమానా, కట్టాకే పాడె పట్టడానికి వచ్చారు.

పాలమూరు పంతులు: అయ్యో. మరి వర్ణం, కులం ఒకటేనా?

చౌటుప్పల్ చేనేత: ఎట్లా ఒకటవుతాయి సార్, 2024 నవంబరులో ఇంటింటి కులగణన సర్వేకు వచ్చినోళ్లు మీ వర్ణం అడిగారా? వర్ణాలు నాలుగే, పుస్తకంలో ఉంటాయి. పిల్లనిచ్చేటప్పుడు, ఇల్లు కిరాయికిచ్చేటప్పుడు అడిగేది కులమే. ఆ నాలుగింటి బయటోళ్లను 'పంచములు' అన్నారు, ఆ పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు. 1917లో బెజవాడ పంచమ సభకు అధ్యక్షుడిగా పోయిన మన హైదరాబాద్ దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ ఆ మాటే కాదన్నాడు, ఆది ఆంధ్రులం అన్నాడు.

పాలమూరు పంతులు: సరే, పని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. చెల్లె, ఒక్కటి అడుగుతా, ఏమనుకోకు. తప్పు ఎంత కట్టించుకున్నారు?

దేవరకొండ ఆడబిడ్డ: పదకొండు వేలన్నా. రసీదు కూడా ఇవ్వలే.