సమస్యాపూరణం: "విషము లేక జనులు విగతులైరి"

కవిమిత్రులకు నమస్కారం. ఈసారి ఆటవెలది నాలుగవ పాదాన్ని సమస్యగా ఇస్తున్నాను, ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి. విషము, లేక, జనులు, విగతు, లైరి అని ఐదు సూర్యగణాలు (మూడు లఘువులు గాని, గురువు-లఘువు గాని), నాలుగవ గణానికి 'వి'తో యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి) సరిపోయాయి. విషం తాగితే చావాలి గాని, అది లేక చావడమేమిటన్నది చిక్కు. 'విషము' అనే మాటకు నీరు అనే అర్థాన్ని సంస్కృత నిఘంటువైన అమరకోశం చెబుతున్నది. నీటికి అమృతము, జీవనము, వనము అనే పేర్లనూ ఆ కోశమే ఇచ్చింది.

మొదటి పూరణ

వాన రాక మబ్బు వట్టిపోయిన యేట
చెఱువు నేల నోరు దెఱచి చూచె
బావినుండి చేద పట్టి తెచ్చెను మన్ను
విషము లేక జనులు విగతులైరి

పరిశీలన: చాలా బాగుంది, అమ్మా. పాడి ఆవుకు చెప్పే 'వట్టిపోవు' మబ్బుకు ఎంతో సహజంగా అమరింది. నీరు అనే మాట ఎక్కడా రాకపోయినా, చేదలో మన్ను కనబడగానే పాఠకుడికి 'విషము' దాహం తీర్చేదిగానే స్ఫురిస్తుంది. రెండవ పాదంలో చెఱువు, దెఱచి అన్నచోట ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండవ అక్షరాలు కలవడం) చెల్లింది.

రెండవ పూరణ

కోశ మరసి చూడ గూఢమౌ నర్థాన
నీరె విషము గాగ నిజము తెలిసె
దాహ మంది యెల్ల దారులు వెదకిరి
విషము లేక జనులు విగతులైరి

పరిశీలన: ఆర్యా, గణయతులలో దోషం లేదు, కాని సగం పద్యం నిఘంటువు చూపడానికే ఖర్చయింది. నానార్థం కోశంలో ఉన్నంత మాత్రాన చాలదు, పద్యంలో దానికి చోటు సిద్ధం చేయాలి. అనేకార్థాలున్న శబ్దానికి ఒక అర్థాన్ని నిర్ణయించే సంయోగం (కలయిక), విప్రయోగం (ఎడబాటు), సాహచర్యం (తోడు), విరోధం మొదలైన వాటిని వ్యాకరణవేత్త భర్తృహరి వాక్యపదీయంలో చెప్పాడు. శంఖచక్రాలతో కూడిన హరి అంటే విష్ణువే. రామలక్ష్మణులంటే ఆ రాముడు దశరథుని కొడుకేగాని పరశురాముడో బలరాముడో కాడు. భోజనవేళ 'సైంధవం తెండి' అంటే ఉప్పు, ప్రయాణవేళ అంటే గుర్రం. వినేవాడికి కోశంతో పని లేదు. మీ మూడవ పాదంలోని దాహం ఒక్కటే ఆ పని చేయగలదు. మొదటి రెండు పాదాలు తీసివేసి మరొకసారి ప్రయత్నించండి.

సవరించిన పూరణ

గురువుగారికి ధన్యవాదాలు. అర్థం చెప్పకపోతే అందదేమోనన్న భయంతోనే అలా రాశాను.

కడవ బట్టి కాంత కడు దూరమేగియు
నింప రాక తిరిగి నిలిచె వగచి
దాహ మంది యెల్ల దారులు వెదకిరి
విషము లేక జనులు విగతులైరి

పరిశీలన: ఇప్పుడు కడవే అర్థం చెబుతున్నది. 'నిలిచె వగచి' అన్న విరుపు నాకు ఎంతో నచ్చింది.

మూడవ పూరణ

పాము కాటు బడిన ప్రాణాలు నిలబెట్టు
మందు కెపుడు విషమె మాతృక గద
కోఱ బిండువారి కొఱతయె యేర్పడ
విషము లేక జనులు విగతులైరి

పరిశీలన: నానార్థం జోలికే పోకుండా విషాన్ని విషంగానే ఉంచి చిక్కు విడదీశారు. పాముల కోఱల నుంచి పిండిన విషాన్ని కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాల నుంచి విరుగుడు మందు చేస్తారు కనుక భావం నిలుస్తుంది. అయితే మూడవ పాదంలో 'కొఱతయె' అన్నచోట 'యె' గణం నింపడానికే వచ్చినట్లుంది, దానికి మరో మాట చూడండి.

తదుపరి సమస్య: "హరిని మ్రింగె హరియె హరియు జూడ". అమరకోశం 'హరి' అనే మాటకు 14 అర్థాలు ఇచ్చింది, వాటిలో పాము, కప్ప, కోతి కూడా ఉన్నాయి. ఆ మూడు పేర్లలో ఏదీ పద్యంలో కనబడకూడదన్నదే నియమం.