బావో న్యాయాధికారి ధారావాహికపై మీ అభిప్రాయం?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ): 1993 నాటి తైవాన్ ధారావాహిక ‘జస్టిస్ బావో’ మొదలుపెట్టాను. రాకుమారి కోసం కట్టుకున్న భార్యను కాదన్న చెన్ షిమేకు, రాజకుటుంబం అడ్డుపడినా, బావో మరణశిక్ష వేయడం నచ్చింది. 236 భాగాలూ చూడదగినవేనా?

జవాబు (సీతమ్మధార): అక్కర్లేదండీ, కథలు దేనికదే విడిగా ఉంటాయి. ముఖమంతా నల్లరంగు, నుదుట నెలవంక ఉన్నా, బావో పాత్రధారి జిన్ చావోచున్ కళ్లతోనే కోపాన్ని పలికించిన తీరు కోసమైనా కొన్ని చూడండి.

జవాబు (గాజువాక): నటన సరే గానీ, రాజవంశీకులకు డ్రాగన్ తల, అధికారులకు పులి తల, సామాన్యులకు కుక్క తల ఉన్న కత్తిపీటలు మరణశిక్షకు వాడడం నాకు మింగుడుపడలేదు, చావులోనూ అంతస్తులేనా? అసలు బావో ఝెంగ్ (999–1062) నాటి చైనా రాజధాని కైఫెంగ్‌ను పాలించిన మాట నిజమే, ఆ కత్తిపీటలు మాత్రం కల్పనే.

ప్రశ్నించినవారు: కల్పనైనా, చెన్ షిమేకు ఆ శిక్ష తగినదేనండీ.