అడుగున కాంగ్షీ ముద్ర ఉంది, నమ్మొచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో మా ఇంటి దగ్గర ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి పాత సామాను అమ్మకంలో) ఒక చైనా పింగాణీ జాడీ కొన్నాం. నీలం మీద పగిలిన మంచులాంటి గీతలు, తెల్లటి పూలు. మూత లేదు. అడుగున రెండు నీలం వలయాలు, వాటి లోపల నాలుగు అక్షరాలు. ఫోన్‌లో వెతికితే కాంగ్షీ చక్రవర్తి ముద్ర అని వస్తోంది. అంటే 300 ఏళ్ల నాటిదేనా? మావారు వేలానికి పంపుదామంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ముద్ర సంగతి పక్కన పెట్టండి. చైనా పింగాణీలో చిట్టచివర నమ్మాల్సింది అదే. కాంగ్షీ 1662 నుంచి 1722 వరకు పాలించాడు. ఆయన కాలం కుమ్మరులే 15వ శతాబ్దపు షువాందే, చెంగ్‌హువా చక్రవర్తుల పేర్లు రాసేవారు, పాత పనితనం మీద గౌరవంతో. తర్వాత గ్వాంగ్షూ చక్రవర్తి కాలంలో, అంటే 1875–1908 మధ్య, కాంగ్షీ పేరుతో జాడీలు విదేశాలకు కుప్పలుగా వెళ్లాయి. మంచు గీతలు, ప్లమ్ పూలు, నాలుగక్షరాల ముద్ర కలిసి కనిపిస్తే నాకు మొదట తట్టేది ఆ కాలమే.

జాడీ తిరగేసి అడుగు అంచు చూడండి. గ్లేజ్, అంటే గాజులాంటి పైపూత, లేని ఆ చోట వేలితో తడమండి. కాంగ్షీ నాటి మంచి సరుకులో మట్టి తెల్లగా, సన్నగా, నున్నగా ఉంటుంది. నిజంగా వాడిన జాడీకి అరుగుదల గీతలు అన్ని దిక్కులకీ, ఎక్కువ తక్కువలుగా పడతాయి. గరుకు కాగితంతో రుద్దితే ఒకే వైపుకి, ఒకే లోతులో ఉంటాయి. పాతదనం కోసం రంగు పూస్తారు కూడా, తడిగుడ్డతో తుడిస్తే ఊడుతుందేమో చూడండి. భూతద్దంతో పువ్వు చూడండి: కుంచె ఆగిన చోట నీలం చిక్కబడాలి. సన్నని చుక్కల వరసలు కనిపిస్తే అది అచ్చు వేసిన బొమ్మ.

ప్రశ్న అడిగినవారు: చూశానండీ. గీతలు అన్ని వైపులా ఉన్నాయి. అంచు కాస్త గరుకు. కుంచె పనే. 'చైనా' అని ఇంగ్లిష్‌లో ఎక్కడా లేదు.

జవాబు: అమెరికాలో 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం వల్ల 1891 నుంచి దిగుమతుల మీద దేశం పేరు ఉండాల్సి వచ్చింది. కానీ పేరు లేనంత మాత్రాన అంతకుముందుదని అనుకోకండి, అంటించిన కాగితం ఊడిపోయి ఉండొచ్చు. మీరు చెప్పినదాన్నిబట్టి గ్వాంగ్షూ కాలపు అసలు పాత జాడీ అయ్యే అవకాశం ఎక్కువ. నకిలీ అని బాధపడక్కర్లేదు, కాంగ్షీ ధర మాత్రం ఆశించకండి. మూత లేకపోవడం కూడా ధర తగ్గిస్తుంది.

మరొకరు: కనెటికట్‌లో యార్డ్ సేల్‌లో 35 డాలర్లకు కొన్న గిన్నె 2021లో సదబీస్ వేలంలో 7,21,800 డాలర్లకు పోయింది కదండీ?

జవాబు: నిజమే. అది 15వ శతాబ్దం తొలినాళ్ల యోంగ్లే చక్రవర్తి కాలపు గిన్నె, అలాంటివి చాలా అరుదు. దాన్ని గుర్తుపట్టింది కూడా ఆకారం, గ్లేజ్, నీలం తీరు చూసే.

అమ్మా, పగటి వెలుగులో అడుగు అంచు, ముద్ర, మూతి లోపలి భాగం దగ్గరగా ఫొటోలు తీసి రెండు మూడు వేలం సంస్థలకు పంపండి. చాలామంది ప్రాథమిక అంచనాకి డబ్బు తీసుకోరు. గోటితో మెల్లగా కొడితే మొద్దు శబ్దం వస్తే పగులు ఉండొచ్చు. యూవీ టార్చ్‌తో చూస్తే అతికి రంగు వేసిన చోటు తరచుగా వేరుగా మెరుస్తుంది. ఈలోగా బ్లీచ్‌తో కడగకండి, కొత్త మూత చేయించకండి.