‘మంచి గతమున’: ఆ ‘న’ తర్వాత ‘కు’ ఉందా?

పలక బలపం: నాలుగో తరగతి పిల్లల చేత సొంత అనుభవాలు రాయిస్తున్నాను. ‘గడిచిన సంగతి ఒకటి రాయండి’ అన్నప్పుడల్లా ‘దేశమును ప్రేమించుమన్నా’ గేయంలోంచి గురజాడ అడ్డు తగులుతున్నారు: ‘వెనక జూసిన కార్యమేమోయ్, మంచి గతమునకు కొంచెమేనోయ్’. నా చెవిలో ‘గతమునకు’ అనే ఉంది. సరైనదేనా? అసలు తంటా వేరే ఉందనుకోండి. అందరూ ఒకటే వాక్యం రాస్తారు: ‘మేము లేచి, తయారై, బస్సెక్కి, వెళ్ళి, చూసి, తిని, తిరిగి వచ్చి ఎంతో ఆనందించితిమి.’ దీన్ని విప్పించడం ఎలా?

మాత్రల లెక్క: ‘కు’ లేదు. ఈ గేయం ఛందస్సు ముత్యాల సరం. దాని నడక మాత్రల్లో (పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగు దానికి రెండు) మూడు, నాలుగు, మూడు, నాలుగు. మంచి (3) గతమున (4) కొంచె (3) మేనోయ్ (4). ‘కు’ చేరిస్తే రెండో గణం అయిదై నడక కుంటుతుంది. ‘గతములో’ అన్నా అంతే.

అరసున్న: లెక్క సరే, అర్థం మాటేమిటి? ‘గతంలో మంచి కొంచెమే’ అని అందరూ చెప్పేస్తారు. నా మటుకు ‘మంచి’ గతానికి విశేషణం. ఎంత మంచి గతమైనా అందులో మనకు పనికొచ్చేది కొంచెమే అని. పై పాదంలో ‘కార్యమేమోయ్’ అని ప్రయోజనం సంగతి ఎత్తనే ఎత్తారు కదా.

మాత్రల లెక్క: ‘మంచి’ తర్వాత విరుపు ఉందండీ. విశేషణాన్ని విశేష్యం నుంచి అలా విడదీస్తారా?

అరసున్న: ‘కత్తి వైరం కాల్చవోయ్’ అన్నది ఆ గేయంలోనే. ‘కత్తి’ తర్వాత విరుపు లేదూ?

పాత అచ్చు: ఇద్దరూ ‘ఏ’కారాన్ని వదిలేశారు. కొంచెమే అన్నారు గాని, లేదనలేదు. వెనక చూసి ఏం లాభమన్న మనిషి దినచర్యలు రాసుకున్నారు, వాటిని జనం ఇప్పటికీ చదువుతున్నారు. ఆయన మాటలో ఆయనకే మినహాయింపు ఉంది.

క్త్వార్థకం: పాపం, పిల్లల సంగతి గాలికి వదిలేశారు. పలక బలపం గారూ, ఆ వాక్యం నిండా నా పేరే! ‘లేచి, వెళ్ళి, చూసి’ లాంటి క్రియల్నే క్త్వార్థకాలంటారు. ‘చూసి’ దగ్గర ఆపండి. ఏం చూశావు, పక్కన ఎవరున్నారు, ఏం వినిపించింది అని అడగండి. మా తరగతిలో ఒక పాప ‘నా చెప్పు తెగింది’ అని రాసి, రబ్బరుతో చెరిపేసింది. విహారయాత్ర వ్యాసంలో అలాంటివి రాయకూడదట. మళ్ళీ రాయించాను. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని వరుసలో నడవడం, వెనక పిల్లాడు నవ్వడం, కాలికింద రాయి కాలడం, ఒక పేజీ నిండింది. ‘ఎంతో ఆనందించితిమి’ అవసరమే పడలేదు.

పాత అచ్చు: ఆ ‘ఇతిమి’ని ఇంకా బతికిస్తున్నది గైడు పుస్తకాలే. వాడుక భాష కోసం గిడుగు అంత పోరాడింది నాలుగో తరగతి వాళ్ళు ‘ఆనందించితిమి’ అనడానికా?

మాత్రల లెక్క: గిడుగు దాకా ఎందుకు, ఆ గేయంలోనే ‘వ్యర్థ కలహం’ అని సున్నాతో వాడుక మాట వేశారు. ‘కలహము’ అంటే మాత్ర మిగలదు, తగ్గదు, అయినా సున్నానే ఎంచుకున్నారు.

అరసున్న: అయితే ఒకటి తేల్చండి. మొదటి పాదంలో ‘వెనక’నా, ‘వెనుక’నా? నేను రెండూ విన్నాను. రెండింటికీ మూడు మాత్రలే, మీ లెక్క ఇక్కడ పనిచేయదు.