సింగపూర్‌లో డబ్బు తీసుకునేదెట్టా?

ప్రశ్న (కావలి): వచ్చే నెల మా అమ్మాయి దగ్గరికి సింగపూర్ పోతున్నాం. పోయినసారి అక్కడ ఏటీఎంలో డబ్బు తీస్తుంటే, "రూపాయల్లో కట్ చేయమంటారా?" అని స్క్రీన్ మీద వచ్చింది. మన రూపాయలే కదా అని సరే నొక్కాను. ఇంటికొచ్చి పాస్‌బుక్ చూశాక మా ఆయన చేతిలో టీ గ్లాసు అట్టనే ఆగిపోయింది. ఈసారి ఏం చేసేది?

జవాబు (ఒంగోలు): దెబ్బ అక్కడే తగిలిందమ్మా. రూపాయలంటే ఆ మిషన్ వాళ్లు వేసిందే రేటు. ఎప్పుడూ సింగపూర్ డాలర్లే నొక్కండి. మామూలు డెబిట్ కార్డుకు చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా మార్కప్ (డబ్బు మార్చినందుకు రేటు మీద వేసే అదనపు ఛార్జీ) వేస్తాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. తీసిన ప్రతిసారీ ఫీజు వేరే. అందుకని యాభై, వంద కాకుండా ఒకేసారి తీసుకోండి. మార్కప్ లేని కార్డులూ ఉన్నాయి, మీ బ్యాంకులో అడగండి.

జవాబు (నెల్లూరు): ముందు యాప్‌లో కార్డుకు ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకోండి. 2020 నుంచి కొత్త కార్డులు అది ఆఫ్‌లోనే వస్తున్నాయి. ఇది తెలీక మా నాన్న చాంగి ఎయిర్‌పోర్టులో అరగంట తిప్పలు పడ్డాడు.

కావలి: ఆన్ చేశా బాబూ. ఓటీపీ కోసం ఇక్కడి సిమ్‌కు రోమింగ్ కూడా వేయించా. మా ఆయనకింకా నమ్మకం కుదరలేదు, నోట్లు కూడా తీసుకుపోదామంటున్నాడు.