హైదరాబాద్‌లో కాన్ఫరెన్స్ అయ్యాక ఒకటిన్నర రోజు చేతిలో ఉంది, ఏం చూడను?

గాజువాక టీచరమ్మ:
అందరికీ నమస్కారం. డిసెంబర్‌లో మాదాపూర్ వైపు రెండు రోజుల కాన్ఫరెన్స్ ఉంది. గురువారం మధ్యాహ్నం భోజనాలతో అయిపోతుంది. తిరుగు రైలు శుక్రవారం రాత్రి సికింద్రాబాద్ నుంచి. హైదరాబాద్ ఇంతకుముందు నాలుగైదు సార్లు వచ్చాను కానీ ఎప్పుడూ పెళ్లికో, వీసా పనికో. చార్మినార్‌ని ఆటోలోంచి చూడటమే. ఈసారి గురువారం రూములో రెస్టు తీసుకుని, శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, చార్మినార్, సాయంత్రం గోల్కొండ చూద్దామనుకుంటున్నాను. ఒక్కదాన్నే. మోకాళ్లు అంతంతమాత్రం. సరిపోతుందా?

మెట్రో ప్యాసింజర్:
మేడమ్, శుక్రవారం సాలార్‌జంగ్‌కి సెలవు. చౌమహల్లాకి కూడా సెలవే. మీ ప్లాన్‌లో సగం అక్కడే పోయింది.

గాజువాక టీచరమ్మ:
అయ్యో! మ్యూజియంలకి సోమవారం కదండీ సెలవు? మా ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం సోమవారమే మూస్తారు.

కృష్ణలంక కుర్రాడు:
నేనూ ఇలాగే దెబ్బ తిన్నానండి. పోయినేడు ఆఫీసు ట్రైనింగ్‌కి వచ్చి, శుక్రవారం పొద్దున్నే సాలార్‌జంగ్ గేటు ముందు దిగాను. వాచ్‌మన్ ఒక్క మాట కూడా మాట్లాడలేదు, బోర్డు వైపు వేలు చూపించాడు అంతే. రోజూ నాలాంటి వాళ్లు ఎంతమంది వస్తారో పాపం. సరే అని అదే ఆటోలో గోల్కొండ వెళ్లాను, భుజాన లాప్‌టాప్ బ్యాగు, అందులో ట్రైనింగ్‌లో ఇచ్చిన లావుపాటి ఫైలు. మిట్టమధ్యాహ్నం ఆ మెట్లు ఎక్కి పైకి చేరేసరికి బ్యాగు పట్టీ అచ్చు భుజం మీద పడిపోయింది. పైన గాలి బాగుంటుందన్నారు. ఉంది కూడా. కానీ నాకు మాత్రం నీళ్ల బాటిల్ తప్ప ఏమీ గుర్తులేదు.

అందుకే చెప్తున్నా, సామాను ముందు సికింద్రాబాద్ స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పడేయండి. బ్యాగుకి తాళం లేకపోతే తీసుకోరు. నేను అప్పటికప్పుడు స్టేషన్ బయట తాళం కొనాల్సి వచ్చింది.

పాతబస్తీ పోరగాడు:
మేడమ్, పరేషాన్ కాకండి. శుక్రవారం మ్యూజియం లేకపోతే ఏమైంది, గురువారం ఉంది కదా. రెస్టు రైల్లో తీసుకోవచ్చు. ఐదింటికి మూసేస్తారు కాబట్టి భోజనం అవ్వగానే బయటపడండి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో లైను మారి ఎంజీబీఎస్ బస్టాండు స్టేషన్‌లో దిగండి. ఆ టైములో క్యాబ్ ఎక్కారంటే మెహదీపట్నం దాటేసరికి మీకు నిద్ర పడుతుంది. ఎంజీబీఎస్ నుంచి సాలార్‌జంగ్‌కి ఆటోలో పది నిమిషాలు కూడా పట్టదు.

శుక్రవారం పొద్దున గోల్కొండకి పోండి, ఎండ ముదరకముందే. చార్మినార్ ప్రతిరోజూ తెరిచే ఉంటుంది కానీ, మక్కా మసీదులో జుమా నమాజు వేళకి అక్కడ జనం చాలా ఉంటారు, రోడ్లు కూడా బంద్ చేస్తారు. రెండున్నర, మూడు దాటాక రండి. మూసీ మీద నయాపూల్ వంతెన దగ్గర దిగి నడవండి. మదీనా, పత్తర్‌గట్టి, ఆ తర్వాత చార్‌కమాన్. నాలుగు కమాన్‌ల నడుమ గుల్జార్ హౌజ్ అని ఒక ఫౌంటెన్ ఉంటుంది, ఎవరూ ఆగి చూడరు, జర ఆగండి. అక్కడి నుంచి కమాన్‌లోంచి చార్మినార్ కనిపించే తీరు ఆటోలో కూర్చుంటే కనిపించదు.

రాజమండ్రి తాతయ్య:
అమ్మా, నేను 1970ల్లో అక్కడ చదువుకున్నాను. సాలార్‌జంగ్‌లో ముందు గడియారం దగ్గరికి వెళ్లు. గంట కొట్టే సమయానికి ఒక చిన్న గడ్డపాయన తలుపు తీసుకుని బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతాడు. పక్కన ఇంకొకడు సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటాడు, వాడికి సెలవు లేదు. పన్నెండు గంటలప్పుడు చూస్తే ఎక్కువ గిట్టుబాటు! తర్వాత ముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కాడు. పాలరాతి ముసుగు వెనక ముఖం కనిపిస్తుంది. రాయి అంటే నమ్మబుద్ధి కాదు.

నయాపూల్ మీద నడుస్తావు కాబట్టి ఇంకో మాట. ఇవతల ఉస్మానియా ఆస్పత్రి, అవతల హైకోర్టు. 1908 సెప్టెంబర్‌లో మూసీకి వరదొచ్చి నగరం కొట్టుకుపోయినప్పుడు, ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెప్తారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట చెరువు), హిమాయత్‌సాగర్ కట్టారు. మీరంతా గండిపేట నీళ్లంటారే, అవి ఆ వరద పుణ్యమే.

గచ్చు గోడలు:
అందరూ చార్మినార్ అంటున్నారు కాబట్టి నేను వేరే దారి చెప్తా. సంతోష్‌నగర్ వైపు పైగా నవాబుల వంశం సమాధులు చూడండి. సున్నపు గచ్చుతో చేసిన జాలీ పని, ఒక్కో కిటికీది ఒక్కో నమూనా. పదిమంది కూడా ఉండరు. కుతుబ్‌షాహీ సమాధులు గోల్కొండకి దగ్గరే కానీ అక్కడా శుక్రవారం సెలవని గుర్తు, వెళ్లేముందు కనుక్కోండి.

కృష్ణలంక కుర్రాడు:
అన్నా, ఆవిడ మోకాళ్లు అంతంతమాత్రం అన్నారు. నాలుగు దిక్కులా తిప్పుతున్నావు.

గచ్చు గోడలు:
పైగా సమాధుల దగ్గర మెట్లే లేవు కదా తమ్ముడూ, గోల్కొండకే ఉన్నాయి.

మెట్రో ప్యాసింజర్:
చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజులు చెప్పిన రేటుకి కొనకండి. సగం నుంచి మొదలుపెట్టండి.

పాతబస్తీ పోరగాడు:
సగం అంటే మరీ అన్యాయం. లక్క గాజులు చేసే వాళ్లని ఒకసారి చూడండి. లక్కని నిప్పుల మీద మెత్తగా చేసి, గుండ్రంగా తిప్పి, ఒక్కో రాయి చేత్తో అద్దుతారు. ఆ పని చూశాక బేరం ఆడబుద్ధి కాదు. మెషిన్ గాజులకైతే ఆడండి.

(బిర్యానీ ఎక్కడ బాగుంటుందని ఇక్కడ దయచేసి ఎవరూ మొదలుపెట్టకండి. పోయినసారి ఆ గొడవ మూడు రోజులు నడిచింది.)

గాజువాక టీచరమ్మ:
వెళ్లొచ్చాను. అందరికీ థాంక్స్.

గురువారం ముగింపు సభ తెగ సాగింది. వందన సమర్పణలో క్యాటరింగ్ వాళ్ల వంతు వచ్చేసరికి నేను వెనక తలుపులోంచి జారుకున్నాను. మెట్రో ఎక్కి, మ్యూజియం గేటు దగ్గరికి చేరేసరికి నాలుగుకి పావుగంట తక్కువ. బ్యాగు కౌంటర్లో ఇచ్చి, అడుగుతూ అడుగుతూ గడియారం దగ్గరికి పరిగెత్తాను. ఏదో స్కూలు పిల్లలు వరుసగా నేల మీద కూర్చుని ఉన్నారు. ఆ గడ్డపాయన వచ్చాడు, ఠంగు ఠంగుమని నాలుగు కొట్టాడు, పోయాడు. ముందు వరసలో ఒక పిల్లాడు "అంతేనా?" అన్నాడు గట్టిగా. హాలంతా నవ్వు. అప్పుడు చూసుకున్నాను, నా మెళ్లో ఇంకా కాన్ఫరెన్స్ ట్యాగు వేలాడుతోంది. ఒక పిల్ల నన్ను మ్యూజియం మేడమ్ అనుకుని బాత్రూమ్ ఎటు అని అడిగింది. మిగిలిన గంటలో రెబెక్కాని తనివితీరా చూశాను, మిగతావన్నీ నడుస్తూనే.

శుక్రవారం తొమ్మిదింటికల్లా గోల్కొండ. గుమ్మటం కింద ఒక చోట నిలబడి చప్పట్లు కొడితే మోగుతుంది, రెండడుగులు పక్కకి జరిగితే ఏమీ లేదు. నా చప్పట్లు పైన ఎవరికి వినిపించాయో తెలియదు. రామదాసు చెర దగ్గర ఎక్కువసేపు ఉన్నాను. గుడి కట్టించినందుకు 12 ఏళ్లు ఉంచిన చోటు. గోడ మీద ఆయన చెక్కుకున్నారనే రాముడు, హనుమంతుడు ఉన్నారు. పైనుంచి కొంచెం వెలుతురు పడుతుంది. చిన్నప్పటి నుంచి భద్రాచలం కథ వింటూనే ఉన్నాం కానీ ఆ గది చల్లదనం తగిలితే వేరేగా ఉంది. మెట్లు మాత్రం అంబర్‌ఖానా (పాత ధాన్యం కొట్టు) దాకే ఎక్కాను, మోకాలు చాలంది. ఎనిమిది నెలలు ముట్టడి వేసిన ఔరంగజేబు సైన్యమే 1687 దాకా లోపలికి రాలేకపోయింది, నేనెంత.

మూడున్నరకి నయాపూల్ నుంచి నడక. చింతచెట్టు చూడలేదు తాతయ్య గారూ, మాట తప్పాను. గుల్జార్ హౌజ్ దగ్గర ఆగాను. చార్మినార్ మెట్లు ఇరుకు, ఎత్తు, గుండ్రంగా తిరుగుతూ పోతాయి. కింద నిలబడి దండం పెట్టి ఊరుకున్నాను. పక్కనే నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ రెండుసార్లు. లాడ్ బజార్‌లో మా అమ్మాయికి గాజులు తీసుకుంటుంటే సైజు టూ ఫోరా, టూ సిక్సా అని అడిగాడు. నాకేం తెలుసు? ఫోన్ చేస్తే తను క్లాసులో ఉంది. దుకాణాయన నా చేయి చూసి, "మీ కంటే సన్నమా?" అన్నాడు. సన్నమే అన్నాను. టూ ఫోర్ ఇచ్చాడు. సరిగ్గా పట్టాయి.

బేరం ఆడలేదు. నిప్పుల మీద పని చూపించాడు మరి.

మెట్రో ప్యాసింజర్:
చౌమహల్లా మిగిలిపోయిందిగా మేడమ్?

గాజువాక టీచరమ్మ:
ఫిబ్రవరిలో అక్కడే ఇంకో వర్క్‌షాప్ పిలిచారు. టాపిక్ ఏంటో తర్వాత చూశాను, ముందు క్యాలెండర్ చూశాను. శనివారం సాయంత్రం అయిపోతుంది. ఆదివారం రాత్రికి టికెట్ తీశాను.